ఫ్రేము కట్టిన కొసరు

ఎమ్మెస్సీ బోటనీ చదివేటప్పుడు డిపార్ట్‌మెంటుతోనే బేరమాడి గెలిచినదాన్ని నేను. వేరే సబ్జెక్టులో ఒక సర్టిఫికెట్ చేయమంటే, ఒకదాని కష్టంతో రెండు కొట్టేశాను. రెండూ ఆన్‌లైన్‌వే. ఒకటి సైన్సు గురించి రాయడం మీద, ఇంకోటి వ్యాపారం మీద. ఫోన్లో క్లాసు నడుస్తుంటే మా ఖమ్మం కిరాణా కొట్టులో కందిపప్పు పొట్లాలు కట్టేదాన్ని.

కొట్టులో పెరిగిన బుద్ధి కదా. డిగ్రీ సరుకు, సర్టిఫికెట్ కొసరు అనుకున్నాను. కొసరు ఎంతొస్తే అంత లాభం.

నా క్లాస్‌మేటు మాత్రం ఒక్కటే తీసుకుంది. ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి అడవి మ్యాపులు గీసే కోర్సు. ప్రతి శనివారం పర్ణశాల వైపు పోయి అడవిలో తిరగాలి.

"నువ్వు గూడ రావే, ఇద్దరం కలిసి చేద్దాం" అని బతిమాలింది.

"గంత ఎండల తిరిగి ఒక్క కాయితమా? నీకు బేరం రాదే" అని నవ్వాను.

చదువైపోయాక భద్రాచలం అడవుల్లో చెట్ల సర్వేకు ఒకే ఒక్క ఉద్యోగం పడింది. నేను బోటనీలో చేరిందే గల్లా పెట్టె వదిలి చెట్ల మధ్య పడదామని. ఇంటర్వ్యూలో నా రెండు సర్టిఫికెట్లూ బల్ల మీద పరిచాను. సారు వాటిని పక్కకు జరిపి, ఉపగ్రహం ఫొటో ఒకటి ముందు పెట్టి, "ఇందులో టేకు ఎక్కడ, వెదురు ఎక్కడ?" అన్నారు.

నాకంతా ఆకుపచ్చగానే కనబడింది.

ఉద్యోగం నా క్లాస్‌మేటుకొచ్చింది. 'కంగ్రాట్స్' అని మెసేజ్ పెట్టాను. ఉద్యోగంలో చేరాక అడవి నుంచి ఆమె పంపిన ఫొటోలో బూట్లు పెద్దవి చేసి చూశాను. వాటికంటిన బురద చూసి కూడా కుళ్లుకున్నాను.

మొన్న అడవిలో సర్వే క్యాంపుకు పోతూ సామాన్ల కోసం మా కొట్టుకే వచ్చింది. గల్లా దగ్గర నేనే ఉన్నాను. పప్పు జోకుతుంటే చెయ్యి తక్కువ వైపే లాగింది.

"కొసరేదే? మీ అమ్మ అయితే బెల్లం ముక్క పెట్టేది" అంది.

"కొసరంత గాడున్నది, సూడు" అని వెనక గోడ చూపించాను. నాన్న ఫ్రేము కట్టించిన నా రెండు సర్టిఫికెట్లు.

ఆమె పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, పళ్లు నూరుకుంటూనే.

బిల్లు మాత్రం న్యాయంగా వేశాను. తూకం సరిగ్గా, ధర సరిగ్గా, ఒక్క రూపాయి అటూ ఇటూ లేదు. బెల్లం ముక్క పెట్టలేదు.