సెవెరినా దుప్పటి మీద కూడిక లెక్క

మా సెవెరినా తికోనా ఒక్క కూడిక లెక్కతో ఊరందరికీ కడుపునిండా భోజనం పెట్టింది. నమ్మకపోతే నన్నడగండి, ఆ రోజు ఆమెను ఆ కొండ ఎక్కించిన మినీబస్సు నాదే. మేమిద్దరం టీచర్ ట్రైనింగ్ కాలేజీలో ఒకేసారి చేరాం. నేను మొదటి ఏడాదే మానేశాను. నా తెలివిని తట్టుకోలేక కాలేజీయే అలసిపోయింది. సెవెరినా మాత్రం ఉండిపోయింది. మా కొండల్లోని ఐమారా పిల్లలకు వాళ్ల సొంత భాష ఐమారాలోనే చదువు చెప్పాలని ఆమె పట్టుదల. చిన్నప్పుడు ఆ భాష మాట్లాడినందుకే శిక్షగా బడి ముందు ఎండలో నిలబడిన పిల్ల మరి.

ఆఖరి పరీక్షంటే పల్లెబడిలో పాఠం చెప్పి చూపించడం. అది పోతే ఉద్యోగం లేదు. పెద్ద పట్నం లా పాజ్ నుంచి మార్కులు వేయడానికి వచ్చిన ఉర్కిదీ సారు వెనక బెంచీలో బిగుసుకుని కూర్చున్నాడు. సెవెరినా వీపున కట్టుకున్న రంగుల దుప్పటి విప్పి నేల మీద పరిచింది. పిల్లలచేత లెక్కపెట్టించాలని తెచ్చిన ఉడికించిన బంగాళాదుంపలు దాని మీద పోసింది.

అంతే, కొంప మునిగింది. మా వైపు నేల మీద బట్ట పరిచి తిండి పోస్తే అర్థం ఒక్కటే: ఎవరి దగ్గరున్నది వాళ్లు తెచ్చి కలపాలి, అందరూ కలిసి తినాలి. పిల్లలు సంచుల్లోంచి జున్నుముక్కలు, వేయించిన మొక్కజొన్న గింజలు తీసి గుమ్మరించారు. కిటికీలోంచి తొంగిచూసిన తల్లులు వేయించిన చేపలు, మిరపకాయ పచ్చడి పట్టుకుని వచ్చేశారు.

"అయ్యో, తినకండర్రా! అవి లెక్కల కోసం!" అంది సెవెరినా.

"లెక్కలకైతే ఉప్పెందుకేశావు తల్లీ?" అంది ఒక అవ్వ, ఒక దుంప నోట్లో వేసుకుంటూ. "ఏమయ్యా సారూ, అంత దూరాన కూర్చుంటే నీకేం మిగులుతుంది? ఇటు జరుగు!"

సెవెరినా మొహం పాలిపోయింది. అయినా పిల్లల మధ్యకెళ్లి బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"సరే. నేనేం పోశాను? మీరేం కలిపారు? అన్నీ కలిపితే ఎన్ని?" అని ఐమారాలో అడిగింది.

పిల్లలు నోటినిండా తిండితోనే అరుస్తూ కూడారు. తింటున్నకొద్దీ తీసివేతలు కూడా వచ్చేశాయి. నాకు లెక్కలు అర్థమైన రోజు నా జీవితంలో అదొక్కటే.

అది చూసి ఉర్కిదీ సారు వెక్కి వెక్కి ఏడ్చి, అక్కడికక్కడే ఆమెను పాస్ చేశాడని నా బండెక్కిన ప్రతివాళ్లకూ చెబుతుంటాను. మొన్న అలా చెబుతుంటే, ఆ బడిలోనే పనిచేస్తున్న సెవెరినా వెనక సీట్లోంచి అంది:

"ఆ కన్నీళ్లు పచ్చడి ఘాటుకి. ఆ రోజు ఫెయిల్ చేశాడు. తర్వాతి నెల గులకరాళ్లతో చెప్పి పాసయ్యాను."