చల్లారకముందే తీసిన ఆకురాయి

మా చిన్నప్పుడు... మిర్యాలగూడలో మా ముందు గదిలో నాన్న లేత్ మిషన్ తిరుగుతుంటే నేను ఒక్కచోట కూర్చునేదాన్ని కాదు. "అయిందా నాన్నా?" అని వంద సార్లు అడగడమే నా పని.

నాన్న పెన్నులు చేసేవాడు. ఎవరి చేతికి తగ్గ పెన్ను వాళ్లకి. అందుకు కావాల్సిన ఉలులూ ఆయనే చేసుకునేవాడు... ఇనుము రాకి రాకి అరిగిన ఆకురాయిని పొయ్యిలో ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పిపెట్టి, సాయంత్రందాకా ముట్టనిచ్చేవాడు కాదు. నిదానంగా చల్లారితేనే ఇనుము మెత్తబడుతుంది, అప్పుడే దానికి మరలు కోసే పళ్లు పెట్టొచ్చు.

ఒక శనివారం మాడుగులపల్లి నుంచి తెలుగు సార్ వచ్చారు. పక్షవాతంతో కుడిచేతి వేళ్లు సరిగా ముడుచుకోవు. సోమవారం రిటైర్మెంట్ కాగితాల మీద సంతకం పెట్టాలి, లేకపోతే వేలిముద్రే. రాత్రిబడిలో ఊరి పెద్దవాళ్లకి సంతకం నేర్పిన మనిషి ఆయన.

"లావు పెన్నుంటే రాస్త. నాతోని వేలిముద్ర మాత్రం వేయించకు," అన్నారు నాన్నతో.

లావు పెన్ను మూతకి వెడల్పు మరలు కావాలి. అవి కోసే ఉలి మా దగ్గర లేదు. ఉన్నది ఒక్క పాత ఆకురాయి. ఆదివారం పొద్దున నాన్న దాన్ని కాల్చి బూడిదలో పెట్టి, పెన్నుకి నల్ల కడ్డీ తేవడానికి కోదాడ బస్సెక్కాడు.

నాకెక్కడ ఆగుతుంది... నాన్న సందు తిరిగాడో లేదో పటకారుతో బయటికి లాగాను. ఇంకా ఎర్రగానే ఉంది. తొందరగా చల్లారితే సార్ పని తొందరగా అవుతుందని బకెట్ నీళ్లలో ముంచేశాను! తర్వాత భయమేసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ బూడిదలో పెట్టాను.

సాయంత్రం నాన్న ఎంత కోసినా దానికి పళ్లు పడలేదు. నీళ్లకి బిరుసెక్కి పెళుసైపోయింది, గట్టిగా అదిమేసరికి రెండు ముక్కలైంది.

"నీళ్లల్ల ముంచినవా బిడ్డా?"

తలూపాను. ఆయన ఆ రెండు ముక్కలూ ఏరి గూట్లో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

సోమవారం సార్ వేలిముద్ర వేసి, అటునుంచి మా ఇంటికే వచ్చారు... బొటనవేలికి నీలం సిరా అలాగే ఉంది. పెన్ను మాత్రం చెయ్యమన్నారు. నాన్న హుజూర్‌నగర్ మెకానిక్ షెడ్డులో ఇంకో ఆకురాయి సంపాదించాడు. ఈసారి బూడిద పక్కనే సాయంత్రందాకా కూర్చున్నాను. ఆ పెన్నుతో సార్ నా నోటుబుక్కులో తన పేరు రాశారు... వంకరగా, పూర్తిగా.

ఇప్పుడు ఉలులు కూడా ఫోన్లో నొక్కితే ఇంటికొస్తున్నాయి. సంతకం అడిగేవాళ్లు తగ్గిపోయారు. రేషన్ షాపు నుంచి సిమ్ కార్డు దాకా అన్నింటికీ వేలిముద్రే. మిషన్ మీద బొటనవేలు పెట్టిన ప్రతిసారీ నాకు సార్ వేలు గుర్తొస్తుంది, అక్కడ నిలబడలేను...

మీ తొందరతో ఎవరి పని చెడగొట్టారో చెప్పండి. కాగితం మీద చేత్తో రాసి, ఫోటో తీసి పెట్టినా సరే... కింద సంతకం మర్చిపోకండి.