కొసరు చేపలు

మా అత్తమ్మ కొసరు లేకుండా ఏ బజారు నుంచీ ఇంటికి వచ్చింది కాదు. లాడ్ బజార్‌లో డజను గాజులు కొంటే, "భాయ్, ఏక్ ఔర్ డాలో" అంటూ పదమూడో గాజు చేతికెక్కేదాకా దుకాణం మెట్టు దిగేది కాదు. కొత్తిమీర, కరివేపాకు మేం ఏనాడూ కొన్నట్టు నాకు గుర్తు లేదు. ఆమె వెంట బజారుకు పోవాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

పెళ్ళయిన రెండో ఏడు మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ వాళ్ళు సెలవు ప్రయాణానికి ఖర్చులిచ్చారు. అప్పటికి నాకు ఐదో నెల. హుస్సేనీ ఆలంలో మా ఇంటి కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ తప్ప ఏమీ కనబడదు. "సముద్రం చూడాలె, సచ్చేలోపల ఒక్కసారన్న" అని అత్తమ్మ పట్టుబట్టింది. వాల్తేరు దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో భీమునిపట్నం చేరి, ఒడ్డుకు దగ్గర్లో ఒకామె ఇంట్లో గది తీసుకున్నాం. ఆమె చేపలు ఎండబెట్టి అమ్మేది. మాటలో, మనిషిలో మంచి ఊపు.

సముద్రాన్ని చూడగానే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. అంత గాలి, అంత చోటు ఒక్కసారిగా దొరికితే మనిషికి అట్లాగే అవుతుందేమో. ఇసుక మీద ఎర్రపీతలు మా అడుగుల చప్పుడుకే బొరియల్లో దూరుతున్నాయి. ఒకచోట మా వంటింటి గోలెం మూతంత తాబేలు డిప్ప పడి ఉంది. అత్తమ్మ దాన్ని చూసి దండం పెట్టుకుంది.

మరునాడు పొద్దున వల లాగుతున్నారంటే మేమూ పోయాం. మా ఆయన స్నానానికని నీళ్ళలోకి దిగాడు. రెండు వైపుల నుంచి మోకులు పట్టి లాగిన వల ఒడ్డుకొచ్చాక ఆడవాళ్ళు చుట్టూ చేరి పనికొచ్చే చేపలు గంపల్లో వేసుకుని, పనికిరానివి ఇసుక మీదికి విసిరేస్తున్నారు. అత్తమ్మ చందువా చేపలు బేరమాడి కొని, అలవాటుగా కొసరు అడిగింది.

"ఈ రేటుకే గిట్టడం నేదు, మళ్ళీ కొసరేటమ్మా?" అంటూ చేపలామె ఇంకో బేరం వైపు తిరిగిపోయింది.

అత్తమ్మకు అంత అవమానం ఏ బజారులోనూ జరగలేదు. మూతి బిగించుకుని నాలుగడుగులు వేసింది. ఇసుక మీద పడి ఉన్న మూడు బొద్దు చేపలు ఆమె కంటబడ్డాయి. "పొట్టలు చూడు, గుడ్లతోటి నిండుగున్నయ్. కడుపుతోటున్న దానికి మంచిది" అంటూ అటూ ఇటూ చూడకుండా సంచిలో వేసేసింది.

"ఎవరన్న చూస్తరత్తమ్మా."

"చూడనీయ్. కింద పారేసినయేనాయె."

మా ఆయన్ని నీళ్ళలోనే వదిలేసి గదికొచ్చి కోసి చూస్తే పొట్టలో గుడ్లూ లేవు, ఏమీ లేదు, ఉత్త గాలి. ఊరు ఊరంతా మోసమేనని తిడుతూ తలలు, పేగులు, తోలు అన్నీ పెరట్లో పారేసింది. మిగిలిన కండను ఉప్పు, పసుపు వేసి నీళ్ళ మీద నీళ్ళు మార్చి కడిగింది. బురద వాసన వేసే చెరువు చేపలు తప్ప ఆమెకు వేరే చేపలు తెలియవు మరి. ఇంటి నుంచి తెచ్చిన కారం దండిగా పట్టించి వేయించింది. ముల్లు లేని తెల్లటి కండ. నాకేమో ముల్లంటే భయం. "నీకోసమే పుట్టినట్టుందే ఈ చేప" అని పళ్ళెం నా ముందు పెట్టింది.

మా ఇంట్లో ముందు మగవాళ్ళు, తర్వాత అత్తమ్మ, ఆఖరున నేను. రెండేళ్ళలో ఆ వరస తప్పింది లేదు. ఆ రోజు "ముందుగాల నువ్వు తిను" అంది. సముద్రపు గాలి తగిలి మారిపోయిందనుకున్నాను. చేప రుచి గురించి అబద్ధమెందుకు, ఎంతో బాగుంది. సగానికి పైగా తినేశాను.

ఇంటామె నీళ్ళకని పెరట్లోకొచ్చింది. గోడ మీద కాకులు వరసగా కూర్చుని చూస్తున్నాయే గానీ పారేసిన తలల మీద ఒక్కటీ వాలడం లేదు. ఆమె వంగి చూసి బిందె అక్కడే వదిలేసింది.

"ఓలమ్మోలమ్మ! ఈ సేపలెవలు తెచ్చినారు? ఎవలు తిన్నారు?"

నేనే తిన్నానన్నాను.

"ఇసపు సేపమ్మా ఇది! మూతి తిమ్మిరెక్కుతాది, నాలిక మొద్దుబారిపోతాది, ఆనక కాలూ సెయ్యీ పడిపోతాయి. మావోళ్ళు ముట్టరు." పక్కింటాయనను డాక్టరు కోసం పరుగెత్తించి, ఉప్పునీళ్ళు కలపడానికి లోపలికి ఉరికింది.

నా చేతులు వాటంతటవే పొట్ట మీదికి పోయాయి. అత్తమ్మ నెమ్మదిగా నా పళ్ళెం ముందు కూర్చుంది. నేను అర్థం చేసుకునేలోపే, నా ఎంగిలి పళ్ళెంలో మిగిలిన ముక్కలన్నీ గబగబా నోట్లో వేసుకుని మింగేసింది.

"అత్తమ్మా! నీకేమన్న పాగల్ అయిందా?" అని పళ్ళెం లాక్కున్నాను. అప్పటికే ఖాళీ.

"నా చేతులతోటి పెట్టిన" అంది. "నీకేమన్న అయితే నేను ఏ మొగం పెట్టుకొని ఇంటికి పోవాలె?"

నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితంలో మొదటిసారి ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె తల వంచుకుని విన్నది.

ఇద్దరికీ ఉప్పునీళ్ళు తాగించారు. ఇన్ని నెలలుగా తాలింపు వాసనకే కక్కిన నాకు ఆ రోజు వాంతి రాదే! గొంతులో వేలు పెడితే గానీ రాలేదు. కబురంది తడిబట్టలతోనే మా ఆయన, వెనకాల డాక్టరు వచ్చారు. తోలు, పేగులు తినకపోవడం మీ అదృష్టం, అయినా నమ్మడానికి లేదు, సాయంత్రం దాకా కనిపెట్టి ఉండండి అన్నాడు డాక్టరు. ఊపిరి బరువైతే పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికని మా ఆయన జీపు మాట్లాడి గుమ్మం ముందు నిలబెట్టాడు.

ఇద్దరినీ చాప మీద పడుకోబెట్టారు.

"మూతి ఎట్లుందే?"

"మండుతుంది."

"తిమ్మిరా, మంటనా?"

"నువ్వేసిన కారానికి నాకెట్ల తెలుస్తది అత్తమ్మా?"

ఆమె నా వైపు ఒత్తిగిలింది. "అట్లయితే మాట్లాడు. ఆపకుండ మాట్లాడు. నాలిక మొద్దుబారితే మాటల్ల తెలుస్తది."

ఏం మాట్లాడాలి? మా వీధి సంగతులు చెప్పాను. పుట్టింటి సంగతులు చెప్పాను. అవీ అయిపోయాక, లోపల పేరుకున్నవి తప్ప నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. బజార్లో కొసరు దగ్గర నువ్వు చేసే లొల్లికి సిగ్గుతో చచ్చిపోతాను అన్నాను. అందరూ తిన్నాక చల్లారిన అన్నం తినలేక తినలేక కళ్ళనీళ్ళు వస్తాయన్నాను. మా అమ్మ వచ్చినప్పుడు చాయ్ కూడా అడగలేదే అన్నాను.

"మంచిగ మాట్లాడుతున్నవు బిడ్డా" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకా అను."

అన్నాను. మధ్యాహ్నమంతా అంటూనే ఉన్నాను. గుమ్మంలో కూర్చున్న మా ఆయన తల పైకెత్తలేదు. లోపల బిడ్డ ఒకసారి కదిలితే ఆ మాటా చెప్పాను. పొద్దు వాలింది. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. డాక్టరు మళ్ళీ వచ్చి నాడి చూసి, నీకింక భయం లేదమ్మా అన్నాడు. గుండెల మీది బండ దిగిపోయింది. కానీ అత్తమ్మ నా తర్వాత తిన్నది. ఆమెను ఇంకొంతసేపు చూడాలన్నాడు.

"ఇప్పుడు నువ్వు మాట్లాడత్తమ్మా" అన్నాను.

"నాకేమున్నయే మాట్లాడనీకి?"

"నా మీద లేవా?"

ఆమె లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. ఒకసారి గొంతు సవరించుకుంది. నేను పొద్దెక్కి లేస్తానంది. పప్పు మాడబెడతానంది. తన కొడుకును తనకు కాకుండా చేశానంది. ఆ మాటన్నప్పుడు మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇంకో రోజైతే నేను నెల రోజులు అలిగి ఉండేదాన్ని. ఆ పూట మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని, ఒక్కో మాటను ఊపిరి బిగబట్టి విన్నాను. ఒక్కటంటే ఒక్కటి తడబడలేదు.