సక్కవ్వ ఎక్కిన బస్సు

శివరాత్రి వెళ్ళాక మహబూబాబాద్ నుంచి బయలుదేరే బస్సులో కండక్టర్‌గా పనిచేయడమంటే ముక్కుతో కూడా డ్యూటీ చేయడమే. మార్కెట్‌లో మిర్చి అమ్ముకున్న రైతులు ఖాళీ గోనెసంచులు చుట్టి చంకన పెట్టుకుని ఎక్కుతారు. ఎవరో ఒకరు సంచి సర్దుకున్నారంటే చాలు, ముందు సీటు నుంచి వెనక సీటు దాకా తుమ్ములే. మొన్న ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు కొడుతూ నేనూ వరుసగా నాలుగు తుమ్మాను. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "మిర్చి ఘాటక్కా, జర కిటికీ తెరువరాదు" అందొక ఆమె. తెరిచాను గానీ నీళ్ళు ఆగలేదు. ఆ వాసన నాకు సక్కవ్వ వాసన.

ఆమె అసలు పేరు సక్కుబాయి. కొడకండ్ల దగ్గర తండా ఆమెది. మిరపకాయలు ఏరే ఆడకూలీల ముఠాకు మేస్త్రీ. పొద్దున్నే ముఠా మొత్తాన్ని నా బస్సెక్కించి నర్సింహులపేట వైపు చేలకు తీసుకుపోయేది. నాకు నోరెక్కువ. ఆ సంగతి మా డిపోలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. మెట్ల మీద నిలబడే మగవాళ్ళు నా గొంతు వినగానే లోపలికి జరిగేవాళ్ళు. సక్కవ్వ ఒక్కతే నవ్వేది. "కండక్టరమ్మా, మా చేన్ల మిర్చి నీ నోటి ముందట దిగదుడుపే. జర నీళ్ళు తాగు" అని తన సీసా అందించేది. ఆ నీళ్ళు కూడా కారంగానే ఉండేవి, మూత మీద ఆమె చేతులు పడి.

ఏటా శివరాత్రికి ఆమె ముప్పై మంది ఆడవాళ్ళను కాళేశ్వరానికి నడిపించుకుపోయేది. తొర్రూరు, వర్ధన్నపేట, వరంగల్, పరకాల, భూపాలపల్లి, ఆపైన కాటారం అడవి. ఎనిమిది రోజుల తోవ. మొత్తం నడవగలిగేవాళ్ళు తక్కువ. ఒకరికి పసిపిల్ల, ఒకరికి చేను, ఒకరికి నడుము. అందుకని బయలుదేరే ముందు తండా గుడి ముందు అందరూ కూర్చుని ఎవరి ముక్క వాళ్ళు కోరుకునేవాళ్ళు. ముక్క అంటే ఆ తోవలో తాము నడవబోయే భాగం. మొదటి ముక్కకు పోటీ, ఎందుకంటే ఊరూరా కాళ్ళ మీద నీళ్ళు పోసి సాగనంపుతారు. ఆఖరి ముక్కకు ఇంకా పోటీ, దేవుడుండేది అక్కడ. సక్కవ్వ పెట్టిన నియమం ఒక్కటే, ఏ ముక్కలోనూ ఎవరూ ఒంటరిగా నడవకూడదు.

నాలుగేళ్ళ కిందట నేనూ అక్కడ కూర్చున్నాను. అంతకు ముందు ఏడాది మా తమ్ముడు రవికి జ్వరం ముదిరితే 108లో వరంగల్ తీసుకుపోయాం. వర్ధన్నపేట దాటాక వాడి ఊపిరి మారింది. వాడి పాదాలు పట్టుకుని కాళేశ్వరం దేవుడికి మొక్కాను, వీణ్ణి బతికించు, నడిచి వస్తానని. ఆ మాట అన్న కాసేపటికే వాడు పోయాడు. దవాఖాన గేటు కూడా చూడలేదు. నేను ఎత్తుకుని పెంచినవాడు. ఆ తర్వాత ఆ రోడ్డు మీద అడుగు పెట్టలేకపోయాను. ఏడాదిపాటు వాళ్ళనూ వీళ్ళనూ బతిమాలి వరంగల్ డ్యూటీలు మార్పించుకున్నాను. చివరికి డిపో పెద్దసారు విసిగిపోయి, వచ్చే నెల నుంచి ఆ రూటు చెయ్యాల్సిందే, చెయ్యలేకపోతే ఉద్యోగం వదులుకో అన్నాడు. మా అమ్మా నేనూ బతికేది ఆ ఉద్యోగం మీదే. అయినా వదిలేద్దామనే అనుకున్నాను.

నా వంతు రాగానే "నాకు ఆఖరి ముక్క కావాలె" అన్నాను.

"ఎందుకు బిడ్డా?" అంది సక్కవ్వ.

"దేవునితోని పనున్నది. ముంగట నిలబడి తిట్టాలె."

చుట్టూ ఉన్నవాళ్ళు లెంపలేసుకున్నారు. సక్కవ్వ మాత్రం బస్సు ఎన్నింటికో అడిగినంత మామూలుగా అడిగింది. "నువ్వు మొక్కింది ఏడ?"

"వర్ధన్నపేట దాటినంక."

"మొక్కినప్పుడు ఆడ ఇన్నడు గద. తిట్టినా ఆడనే ఇంటడు. గంత దూరం ఎందుకు పోవుడు? వర్ధన్నపేట కెళ్ళి వరంగల్ దాక, గదే నీ ముక్క."

నాకు ఒళ్ళు మండింది. నేను రానని లేచి వచ్చేశాను. మర్నాడు ఆమె నా బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది గానీ ఆ మాటే ఎత్తలేదు. దిగేటప్పుడు మాత్రం "గురువారం పొద్దుగాల వర్ధన్నపేట కాడ ఉంటం. నువ్వు రాకున్నా నాకు కోపం లేదు" అంది. కోపం లేదన్నవాళ్ళ దగ్గరికి పోకుండా ఉండడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది.

గురువారం వెళ్ళాను. గంటసేపు అందరితోపాటు బాగానే నడిచాను. ఒక కల్వర్టు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. సక్కవ్వ మిగతావాళ్ళను యాకమ్మకు అప్పగించి పంపేసింది. యాకమ్మ ఆమె ముఠాలో పాత మనిషి. ఇద్దరం కల్వర్టు గోడ మీద కూర్చున్నాం. నీడ లేదు. లారీలు పోతున్నాయి. ఆమె ఒక్క ఓదార్పు మాట అనలేదు. మూట విప్పి జొన్నరొట్టె, మిరపతొక్కు తీసింది. నేను ముట్టలేదు. తన రొట్టె తిని, నా రొట్టె కూడా తినేసింది. "పాడు జేసుకుంటమా" అంది. ఎంతసేపటికో నా నోరు తెరుచుకుంది. ఇన్నేళ్ళ కండక్టర్ నోరది, దేవుడికి ఒక్కటి కూడా తగ్గించలేదు. మాటలు అయిపోయి గొంతు పట్టుకుపోయాక, ఆమె పైకి చెయ్యెత్తి చూపిస్తూ తన లంబాడీ భాషలో అందుకుంది.

"ఏమన్నవవ్వా?" అన్నాను.

"నువ్వు మర్సిపోయినయి నేనన్న."

ఏడాది తర్వాత నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. లేచేసరికి పొద్దు వాలిపోయింది.

ఆ రాత్రి దారిలో ఒక గుడి వరండాలో పడుకున్నాం. మర్నాడు ఆమె కుంటుతూ నడిచింది, నేను ఆమె చెయ్యి పట్టుకుని నడిచాను. దవాఖాన ముందు నుంచే నడిచాను. హన్మకొండ బస్టాండు చేరేసరికి మధ్యాహ్నం. మిగతావాళ్ళు తెల్లవారకముందే పరకాలకు బయలుదేరారని ఫోనొచ్చింది. రాత్రికి వాళ్ళను అందుకోకపోతే ముందున్న అడవి తోవలో వాళ్ళకు పెద్దదిక్కు లేదు. ఆమె మోకాలు చూస్తే బూరెలా పొంగింది.

"నడుస్త తియ్" అంది.

"నేనుండంగ నువ్వు నడుసుడేందవ్వా? మా బస్సులు లెవ్వా?" అన్నాను. పరకాల మీదుగా పోయే భూపాలపల్లి బస్సు కండక్టర్ నాకు తెలిసినవాడే. కిటికీ సీటు ఖాళీ చేయించాను. సక్కవ్వ ఒక కాలు మెట్టు మీద పెట్టి, కడ్డీ పట్టుకుని, కాసేపు నా ముఖం చూసింది. ఆలస్యమవుతుందని నేనే వెనక నుంచి లేపి ఎక్కించాను. ఆమెకు ఏదో చేయగలిగానని ఆ రోజంతా సంబరపడ్డాను.

మరుసటి నెల వరంగల్ డ్యూటీ ఎక్కాను. ఆ కల్వర్టు దగ్గర మొదట్లో కడ్డీ గట్టిగా పట్టుకునేదాన్ని. తర్వాత తర్వాత పట్టు సడలింది. సక్కవ్వ మాత్రం ఆ మోకాలితోనే మరో మూడేళ్ళు కాళేశ్వరం నడిచింది. ఈ ముసలిదానికి నడకంటే పిచ్చి అని నవ్వేదాన్ని.

నిరుడు వానాకాలంలో ఆమె పోయింది. తండాకు వెళితే యాకమ్మ నా పక్కన కూర్చుని చెప్పింది. "ఐదేండ్లు వరుసగ నడిచే మొక్కు అవ్వది. నడుమల బండెక్కితే మల్ల మొదటికే. నువ్వు బస్సెక్కిచ్చిన యేడు ఐదోది."

"దేనికి మొక్కింది?" అన్నాను.

"చెప్తె ఫలం పోతదంటరు. ఎవ్వలకు చెప్పలే. మొదటికెళ్ళి షురు జేసి మూడేండ్లు నడిచింది. ఇంక రెండు మిగిలినయి."

"నాకన్న చెప్పొద్దా? నేను ఎక్కియ్యకపోదును."

"మేం అడిగినం. గా పిల్ల గిప్పుడే లేసి నిలబడ్డది, గిది చెప్పి మల్ల కూలగొట్టాల్నా అన్నది."

ఆ రోజు నుంచి నేను ఎవరినీ బస్సులోకి తొందరపెట్టి ఎక్కించలేదు. కాలు మెట్టు మీద పెట్టి ఆగినవాళ్ళను చూస్తే విజిల్ వేయబుద్ధి కాదు. డ్రైవర్ విసుక్కుంటాడు. విసుక్కోనీ.

ఈ ఏడు తండా గుడి ముందు సక్కవ్వ చోట యాకమ్మ కూర్చుంది. ఒకరి మొక్కు ఇంకొకరు తీర్చలేరని అందరూ అంటారు, నాకూ తెలుసు. అయినా హన్మకొండ నుంచి పరకాల దాకా ముక్క నాకు కావాలన్నాను. ఆ ముక్క కోరుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు. యాకమ్మ నా వైపు చూసి, "నీ ఎంట నేనొస్త" అంది.

గూడెప్పాడ్ దాటాక ఎండ నెత్తిన పడింది. వెనక నుంచి వచ్చిన భూపాలపల్లి బస్సు మా పక్కనే ఆగింది. లోపల కొత్తగా ఉద్యోగంలో చేరిన కండక్టర్ పిల్ల. నన్ను గుర్తుపట్టి తలుపు తీసి, కిందికి వంగి చెయ్యి చాపింది. "ఎక్కక్కా, ఎండ మస్తున్నది. నేనుండంగ నువ్వు నడుసుడేంది?"

ఆ పిల్ల ముఖంలో ఎంత సంబరమో. దాన్ని చూస్తూ వద్దనడానికి నాకు చాలాసేపు పట్టింది.

"ఎక్కను చెల్లె, నువ్వు పో" అన్నాను. ఆ ఒక్క మాట సక్కవ్వ నాతో అనలేదు.