ఉప్పువంక పటం

గుడ్డ అంటించిన పాత గ్రామపటం విప్పితే సన్నగా గంజి వాసన వస్తుంది. ఈ ఉదయం ఆఫీసులో ఆ వాసనకు ఓబులేసు సార్ గుర్తొచ్చారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. కదిరి దగ్గర నేను సర్వేయరుగా చేరినప్పుడు పని నేర్పింది ఆయనే.

నా మొదటి పని ఒక ఊళ్లో ఇళ్ల స్థలాలకు పటం గీయడం. రోడ్డు పక్కనే చదునైన నేల, మధ్యలో ఇసుక పల్లం. ఉప్పువంక అని పేరుంది గానీ అందులో నీళ్లు చూసినవాళ్లు లేరు. మా వైపు అలాంటివాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేనూ వదిలేశాను. సార్ పటాన్ని చాలాసేపు చూశారు.

"వంక యాడ పోయిందమ్మా?"

"ఉత్త ఇసుకే ఉండాది సార్."

"నీళ్లు లేవు సరే. వంకను చూసినావా, లేదా?"

"చూసినా."

"అయితే గీయి. పేరూ రాయి. వంక పోయేతట్టే అక్షరాలు పోవల్ల, గీత మీద పడగూడదు. మనం లేనప్పుడు చదివేవాళ్లకు తెలియల్ల."

పటంలో వంక ఉంటే అక్కడ ఇళ్లకు అనుమతి రాదు. స్థలాలు దూరంగా గుట్ట పక్కకు మారాయి. వాటిలో ఒకటి దక్కిన నాగమ్మ సార్‌ను బస్టాండులోనే పట్టుకుంది.

"ఏమప్పా సర్వేయరూ, మా తాత చూడని నీళ్లు నీకు కనపడినాయా? గుట్టకాడి నుంచి నా మనవరాలు బడికి ఎట్ల పోతాది? నువ్వు ఎత్తుకోని పోతావా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సార్‌కు కోపం రాలేదు. "దూరమేక్కా. నువ్వు చెప్పేది నిజమే," అన్నారు.

మరునాడు నన్ను వెంటబెట్టుకుని గుట్ట దాకా నడిచారు. కంపచెట్ల మధ్య కాలిబాటను గీయించి, మలుపులకూ, రాళ్లున్న చోటుకూ, బడికీ పేర్లు రాయించారు. ఆ పటం పట్టుకుని రోడ్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. అది మన పని కాదు కదా సార్ అంటే, "అంత దూరం పంపించింది మనమే కదమ్మా," అన్నారు. రిటైరయ్యాక కూడా తిరిగారు. చివరికి రోడ్డు పడింది.

ఉప్పువంక పారి, ఆయన గీయించిందే సరి అని చూపించే వాన ఇప్పటికీ రాలేదు. రాకూడదనే నా కోరిక. సార్‌ను మట్టిలో పెట్టిన రోజు నాగమ్మ ఆటోలో వచ్చింది. "మొండి మనిషి. నాతో శానా తిట్లు తిన్నాడు," అని పిడికెడు మన్ను వేసి పోయింది.

ఇప్పుడు నా గీత వల్ల ఎవరికైనా దూరం పెరిగితే, ముందు ఆ దూరం నేను నడుస్తాను. తర్వాతే పటం మీద సంతకం పెడతాను.