బక్షీ నీళ్లు

కాలిఫోర్నియా ఎడారిలోని ఆ శిక్షణ శిబిరంలో బస్సు దిగేసరికి మధ్యాహ్నం రెండుంపావు. 2010 జూలై. నూట పన్నెండు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. చెట్టూ చేమా లేవు. రాళ్లు, ఉప్పు పట్టిన నేల, అంతే. మాస్టర్స్ చేయడానికి వచ్చి, యూనిఫాం వేసుకుంటే పౌరసత్వం తొందరగా వస్తుందని అమెరికా సైన్యంలో చేరినవాణ్ణి నేను. ఉమ్మడి శిక్షణకు వచ్చిన ఎనిమిది మంది బ్రిటిష్ సైనికుల వెంట ఆరు వారాలు రేడియో మోయడం నా డ్యూటీ.

మొదటి వారం వాళ్ల మాట ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. వాళ్ల నాయకుడు కార్పొరల్. పొట్టి మనిషి, ఓపిక ఎక్కువ. టీ తాగేటప్పుడు నాకు పాఠం చెప్పేవాడు. నేను జేబు పుస్తకంలో తెలుగులో రాసుకునేవాణ్ణి. బ్రూ అంటే టీ. స్కాఫ్ అంటే తిండి. గోంక్ అంటే నిద్ర. నాకర్డ్ అంటే ఒళ్లు హూనమవడం. గాపింగ్ అంటే రోత. నేను కలిపిన టీని అలాగే అనేవాడు. డెక్కో అంటే ఓసారి చూడటం. బక్షీ అంటే మిగులుగా ఉన్నది, ఊరికే ఇచ్చేది.

"ఈ చివరి రెండూ మావే. దేఖో, బక్షీసు," అన్నాను.

"మా తాతలు ఎత్తుకొచ్చారు, మేట్. తిరిగిచ్చేది లేదు," అన్నాడు.

ఆ మనిషంటే నాకు ఇష్టం కలిగింది ఆ రోజే.

నాలుగో వారంలో పన్నెండు మైళ్ల నడక. ఉదయం ఆరింటికి బయల్దేరాం. మనిషికి నాలుగు బాటిళ్ల నీళ్లు తీసుకోవాలని ఆర్డర్. రేడియో బరువుకు విసిగి నేను ఒక బాటిల్ తీసేసి, ఆ చోట స్పేర్ బ్యాటరీ పెట్టుకున్నాను. రేడియో మోసేవాళ్లం చాలామందిమి చేసే పనే. నీళ్ల ట్రక్కు పదకొండింటికి రావాలి. దారిలో ఇసుకలో దిగబడింది. పదకొండూ నలభైకి నా నీళ్లు అయిపోయాయి.

కంట్రోల్ వాళ్లు అరగంటకోసారి రేడియోలో అడిగేవాళ్లు. పన్నెండింటికి పిలిచారు.

"నీళ్లెలా ఉన్నాయి?"

"సరిపడా ఉన్నాయి," అన్నాను. బ్యాటరీ సంగతి బయటపడుతుందని సిగ్గు. తొమ్మిది మందిలో లేనిది నాకొక్కడికే అనుకున్నాను.

కార్పొరల్ నా పెదాలు చూశాడు. నడుముకున్న బాటిల్ తీసి నా చేతిలో పెట్టాడు.

"తాగు."

"మరి నీకు?"

"సంచిలో ఇంకోటుంది. ఇది బక్షీ."

నాకు బాగా తెలిసిన మాట. నమ్మాను. మొత్తం తాగేశాను.

పన్నెండుంపావుకి అతను వెనకబడ్డాడు. "నాకర్డ్, అంతే. మీరు పదండి," అన్నాడు. పన్నెండున్నరకు కంట్రోల్ అడిగితే నేను మళ్లీ అదే జవాబు చెప్పాను. పన్నెండూ యాభైకి అతను కూలిపోయాడు. వాళ్ల మెడిక్ చొక్కా చింపి ఛాతీ మీద చెయ్యి పెట్టాడు.

"చెమట లేదు. ఒళ్లు కాలిపోతోంది. హెలికాప్టర్ పిలువు!"

మేమున్న చోటు తెలిపే మ్యాప్ అంకెలు రేడియోలో రెండుసార్లు తప్పు చదివాను. మిగతావాళ్లు తమ దగ్గరున్న కొద్ది నీళ్లూ అతని మీద పోశారు. మెడిక్ అతని సంచి తిరగేశాడు.

"మూడూ ఖాళీ. నాలుగోది ఏది?"

నా చేతిలో ఉన్నది చూపించాను. ఒంటిగంటా ఇరవైకి హెలికాప్టర్ దిగింది. మర్నాడు ఉదయం ఆసుపత్రిలో కార్పొరల్ చనిపోయాడు.

విచారణలో బక్షీ అంటే ఏమిటో అమెరికన్ మేజర్‌కు నేనే వివరించాల్సి వచ్చింది. ఆయన 'అదనపు నీరు' అని రాసుకున్నాడు. సంచిలో ఇంకోటుందని కార్పొరల్ చెప్పింది అబద్ధమని, రేడియోలో నేను చెప్పిందీ అబద్ధమేనని ఒప్పుకున్నాను. హెచ్చరికతో సరిపెట్టారు. ఇంకా పెద్ద శిక్ష వేస్తే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

సైన్యం వదిలి టెక్సస్‌లోని ప్లేనో వచ్చేశాను. కార్‌లో ఆఫీస్‌కి వెళ్లొస్తున్నాను. మొన్న తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో స్నేహితుడి కూతురు నన్ను పట్టుకుంది.

"అంకుల్, బ్రిటిష్ స్లాంగ్ మీద ప్రాజెక్ట్ చేస్తున్నా. ఫన్నీ వర్డ్స్ చెప్పండి, ప్లీజ్!"

బ్రూ చెప్పాను. స్కాఫ్ చెప్పాను. గాపింగ్‌కి పడీపడీ నవ్వింది. ఇంకొకటి చెప్పమంది. ఫోన్ వచ్చినట్టు లేచి బయటికి వెళ్లిపోయాను.

విచారణలో కూడా నేను చెప్పని సంగతి ఒకటుంది. నేను ఆ బాటిల్ ఎత్తి తాగుతున్నంతసేపూ కార్పొరల్ నన్నే చూస్తున్నాడు. నేను గుటక వేసినప్పుడల్లా అతని గొంతు కూడా కదిలింది. నేనది చూశాను. చూస్తూనే ఆఖరి చుక్క దాకా తాగాను.