పాళెం నుంచి వచ్చిన ఫోన్

ఆ రోజు తెల్లవారుజామున ఆమె నాకు ఫోన్ చేసింది. చెప్పాల్సిన చోట ఈ ఒక్క మాట నేను చెప్పలేదు. నేను తప్ప చెప్పగలిగినవాళ్లు ఇంకెవరూ లేరు.

అప్పట్లో మైపాడు వైపు ఒక రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. రొయ్యలతో నాకు సంబంధం లేదు. ఊడ్చడం, కడగడం, క్యాంటీను, తోట, గేటు దగ్గర కాపలా, ఇలా కంపెనీ సొంతంగా చేసుకోని పనులన్నీ బయటి కాంట్రాక్టర్లకు అప్పగించి చేయించడం నా ఉద్యోగం. టెండరు పిలిచేది నేను, షరతులు రాసేది నేను, నేల మీద మరక కనపడితే మాట పడేదీ నేనే.

శుభ్రం చేసే ఆడవాళ్లందరూ సముద్రం ఒడ్డున ఒకే పాళెం వాళ్లు. అలా కోరుకున్నది నేనే. ఒకే ఆటోలో వస్తారు, ఒకరికి చెబితే అందరికీ చెప్పినట్టే. వాళ్ల మీద సూపర్‌వైజరుగా ఉన్న, అందరం అక్కా అని పిలిచే ఆమెకు, "ఏదున్నా నెల్లూరులో కాంట్రాక్టరుకు వద్దు, నేరుగా నాకే ఫోన్ చెయ్" అని చెప్పిపెట్టాను. "అందరూ ఒక్క రోజే మానేస్తే ఏం చేస్తావయ్యా?" అని మా ప్లాంట్ హెడ్ ఒకసారి అడిగారు. "వాళ్లు అట్లాంటివాళ్లు కాదు సార్" అని నవ్వేశాను. మనుషులు రాకపోతే బదులు ఎవరు పంపాలో కాంట్రాక్టులో ఒక్క వాక్యమైనా రాయలేదు.

కాంట్రాక్టరు మారినా వాళ్లు మారేవాళ్లు కాదు. మా దగ్గర అది వాడుక. కొత్తాయన వచ్చి పాత మనుషులనే పెట్టుకుని, చీరల మీద తొడుక్కోవడానికి కొత్త రంగు చొక్కాలు ఇచ్చేవాడు. "ఈసారి పచ్చరంగా సార్? అందరం చిలకల మాదిరుంటాం" అని అక్క నవ్విన రోజు నాకింకా గుర్తుంది.

విదేశీ కొనుగోలుదార్లు తనిఖీకి వచ్చే రోజు ఆ ఫోన్ వచ్చింది.

"సార్, రాత్రి మా ఊరి బోటొకటి ఒడ్డుకు రాలేదు. పెద్దకాపులు దురాయి వేసినారు. ఈ పొద్దు ఎవురం రాలేం. మీరు వేరే మనుషుల్ని చూసుకోండి సార్."

దురాయి అంటే ఆ పాళేల్లో పెద్దకాపులనే ఊరి పెద్దలు వేసే కట్టుబాటు. వేటకు వెళ్లిన పడవ రాకపోతే, అది దొరికేదాకా వెతకడానికి తప్ప ఎవరూ ఏ పనికీ కదలకూడదు. ఆడవాళ్లు ఒడ్డున కూర్చుని ఎదురుచూస్తారు.

"సరేలే అక్కా" అన్నాను. కాంట్రాక్టరుకు చెప్పి టౌను నుంచి మనుషుల్ని పిలిపిద్దామనుకున్నాను. అతిథులను తీసుకురావడానికి కారెక్కాక, వాళ్ల ఫలహారం, వాళ్ల కాఫీ, వాళ్ల ఫోటోలు, ఈ గొడవలో ఆ సంగతి నా మనసులోంచి జారిపోయింది. వాళ్లను లోపలికి తీసుకొచ్చేసరికి ముందు రోజు నీళ్లు నేల మీద అలాగే నిలిచి ఉన్నాయి. చెత్తడబ్బాల మీద ఈగలు. వచ్చినవాళ్లలో ఒకామె ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం మీటింగులో ప్లాంట్ హెడ్ కాంట్రాక్టరును నిలబెట్టి అడిగారు.

"నాకెవరూ చెప్పలేదు సార్. నిజంగా నాకు తెలీదు" అన్నాడు ఆయన.

తర్వాత నా వైపు తిరిగారు. "నీకైనా చెప్పారా?"

నేను మంచినీళ్లు తాగాను. ఒకే ఊరివాళ్లను పెట్టింది నేను, బదులు మనుషుల షరతు రాయనిది నేను, ఫోన్ ఎత్తి మరిచిపోయిందీ నేను. అన్నీ ఒకేసారి బయటపడతాయని భయమేసింది.

"సమాచారం ఏమీ లేదు సార్" అన్నాను.

పడవ మరుసటి రోజు దొరికింది. అందులో వెళ్లిన ఒకతను దొరకలేదు. ఆ కబురు నాకు తెలిసేసరికి, మనుషులు చెప్పకుండా మానేశారని కాంట్రాక్టు రద్దయింది. కొత్తాయనకు చొక్కాల గురించి చెప్పినట్టే మామూలుగా, ఆ పాళెం వాళ్లు వద్దని నా నోటితోనే చెప్పాను.

అక్క ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. నన్నొక్కసారి బయటికి రమ్మంది. మీటింగులో ఉన్నానని చెప్పించాను. తర్వాత గేటు దగ్గరి గార్డు వచ్చి నవ్వుతూ చెప్పాడు: "'నేను ఫోన్ చేసినాను, సారు సరేనన్నాడు' అని ఒకటే మాట సార్ ఆమె. మిగతావాళ్లు 'మా చెవుల్లో పూలు పెట్టినావు గదక్కా' అని మీదికి పోయినారు." నేనూ కాస్త నవ్వాను. గార్డు వెళ్లాక తలుపు వేసుకున్నాను.

కొన్నేళ్లకు ఆ ఉద్యోగం మానేశాను. ఈ మధ్య నెల్లూరు బస్టాండులో, అక్కవాళ్లను ఫ్యాక్టరీకి తీసుకొచ్చే ఆటో అతను కనపడ్డాడు. టీ తాగుతూ అక్క ఎలా ఉందని అడిగాను.

"ఏముంది సార్. పొదుపు సంఘానికి లీడరుగా ఉండె, తీసేసినారు. ఆమె ఏం చెప్పినా ఎవురూ నమ్మరు. 'ఫోన్ చేసినావా అక్కా?' అని పిల్లోళ్లు కూడా ఎకసెక్కమాడతారు. పనులు పోయినాయి గదా, ఆ కోపం."

టీ గ్లాసు అక్కడే పెట్టేశాను. ఆమెకు పని పోయిందనే నేను ఇన్నాళ్లూ బాధపడ్డాను. ఆమె మాటకు విలువ కూడా నా వల్లే పోయిందని నాకు తట్టనే లేదు.

ఆ ఆదివారం పాళెం వెళ్లాను. పడవలు అప్పుడే ఒడ్డుకు చేరాయి. ఆడవాళ్లు వలల చుట్టూ కూర్చుని చేపలు విడిపిస్తున్నారు. అక్క కాస్త ఎడంగా, ఒంటరిగా కూర్చుని ఉంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది.

"అక్కా, ఆ రోజు నువ్వు ఫోన్ చేశావు. నేనే..." అని మొదలుపెట్టాను.

"నాతో ఎందుకు సార్ చెప్తారు?" అంది, గొంతు పెంచకుండా. "నేను చేసినానని నాకు తెలీదా? వాళ్లతో చెప్పండి."

వలల దగ్గరికి నడిచాను. అందరూ తలలెత్తారు. సంగతి చెప్పాను. ఒక ముసలామె చేతిలోని చేపను బుట్టలో పడేసి అంది: "ఇన్నేళ్లకు సిగ్నలు దొరికిందా సార్ మీకు?"

ఎవరూ నవ్వలేదు.

"చెప్పే ధైర్యం లేకపోయింది అవ్వా" అన్నాను. "అక్క అబద్ధం చెప్పలేదు. తెల్లారకముందే నాకు ఫోన్ చేసింది. నేను సరేనన్నాను. తర్వాత నా ఉద్యోగం కోసం, చెయ్యలేదని చెప్పాను. మీ పనులు పోయింది నా వల్ల, అక్క వల్ల కాదు." వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాను. "నన్ను క్షమించు అక్కా. మీరందరూ నన్ను క్షమించండి."